లెక్కలు తలకాయలో లేవంటే ఒప్పుకోవాలా? ప్రతిభ గురించి, పట్టుదల గురించి ఒక చర్చ

లెక్కల పంతులు (మహబూబ్‌నగర్ జిల్లా)
ఆగస్టు 3, రాత్రి 9.20

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక పల్లెటూరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో 17 ఏళ్లుగా గణితం చెబుతున్నాను. నిన్న తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి తండ్రి బడికి వచ్చి, "సారూ, మా పిల్లకు లెక్కలు తలకాయలో లేవు. దేవుడు ఇయ్యలేదు. పదిలో ఫెయిలై నలుగురిలో చిన్నబోయే బదులు ఇప్పుడే మానిపించి పత్తి చేనుకు తీసుకపోత" అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు, చిన్నచూపు లేదు. ఈ ఏడు వానలు తక్కువని చెప్పినంత మామూలుగా చెప్పాడు. అమ్మాయి పక్కనే నిలబడి, ఆ మాట నిజమే అన్నట్టు తలూపింది. రాత్రంతా నాకు ఆ తలూపడమే గుర్తుకు వస్తూ ఉంది.

నేను ఆయనను ఒక నెల ఆగమని బతిమాలాను. శుక్రవారాలు చేనులో కలుపు తీయడానికి పోనిస్తే మిగతా రోజులు బడికి పంపుతానని ఒప్పుకున్నాడు. ఆయనకు నేను ధైర్యంగా సమాధానం చెప్పినా, ఇంటికి వచ్చాక నన్ను నేనే ప్రశ్నించుకున్నాను: పుట్టుకతో వచ్చే తెలివి ఎంత, పట్టుబట్టి చేసే సాధనతో వచ్చేది ఎంత? ఆరో తరగతిలో అందరికంటే ముందు చెయ్యి ఎత్తిన పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి వెనకబడటం, తప్పిన లెక్కను మళ్లీ మళ్లీ చేసుకొని వచ్చే పిల్లలు వాళ్లను దాటిపోవడం నేను చాలా సార్లు చూశాను. కానీ నేను చూసింది ఒక్క తరగతి గదిలోనే. మీరు మీ మీ పనుల్లో ఏమి చూశారో చెప్పండి. పుస్తకాల్లోని సూక్తులు వద్దు, మీ చేతికి తెలిసిన సంగతి కావాలి.

ఆసు కొయ్య (భూదాన్ పోచంపల్లి దగ్గర)
ఆగస్టు 3, రాత్రి 10.45

సార్, మా చేతికి తెలిసిన సంగతి అంటే ఆసు పోయడమే. ఈ వేదికలో తెలియనివారు ఉంటారు గనుక కొంచెం వివరంగా రాస్తాను. చిటికి కట్టి, అంటే దారాన్ని అక్కడక్కడ బిగించి కట్టి, రంగు అద్దడానికి ముందు పేక దారాన్ని, అంటే అడ్డంగా నేసే దారాన్ని, ఆసు మీదికి ఎక్కించాలి. ఒక వైపు ఒక కొయ్య, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు ఉంటాయి. దారాన్ని కొయ్య దగ్గర నుంచి మేకు దాకా, మేకు దగ్గర నుంచి మళ్లీ కొయ్య దాకా తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అలా ఆడాలి. ఇది మా ఇళ్లలో ఆడవాళ్ల పని. మా అమ్మ కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి వాలి ఉండేది. చిన్నప్పుడు నేను అందరి అమ్మల భుజాలూ అలాగే ఉంటాయనుకున్నాను.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి పేరు మీకు తెలిసే ఉంటుంది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది గనుక ఇప్పుడు అందరూ "ఆయనకు పుట్టుకతోనే యంత్రాల తెలివి ఉంది" అంటున్నారు. నాకు ఆ మాట వింటే బాధ కలుగుతుంది, ఎందుకంటే అది ఆయన పడ్డ ఏడేళ్లను ఒక్క దెబ్బకు తుడిచేస్తుంది. ఆరో తరగతితో బడి మానిన మనిషి 1992లో పని మొదలుపెట్టి, తల్లి భుజం నొప్పి తగ్గించాలన్న ఒక్క ఆలోచనతో, 1999 దాకా ఒక్కొక్క కదలికనూ విడదీసి సాధించుకున్నాడు. దారాన్ని మేకు దాకా తీసుకుపోవడం ఒక సమస్య, మేకు చుట్టూ తిప్పడం ఇంకొకటి, అయిన తరువాత పక్క మేకుకు జరపడం మరొకటి. మధ్యలో అప్పులయ్యాయి, ఊళ్లో నవ్వారు. హైదరాబాదుకు పోయి కరెంటు పని చేసుకుంటూ, అక్కడ నడుస్తున్న ఒక యంత్రంలో తనకు కావలసిన కదలిక కనిపించాక తన ఆసు యంత్రాన్ని పూర్తి చేశాడు. దానికి తల్లి పేరు పెట్టుకున్నాడు. చేత్తో ఐదారు గంటలు పట్టే పని ఇప్పుడు దాదాపు గంటన్నరలో అవుతుంది.

పుట్టుకతో వచ్చిన తెలివే అయితే 1992లోనే అయిపోవాలి కదా సార్. ఇదే నా ప్రశ్న.

మైదానం (నల్లగొండ)
ఆగస్టు 4, ఉదయం 6.30

నేను పిల్లలకు పరుగు నేర్పిస్తాను. ఇక్కడ నాకు కొంచెం ఎదురు మాట చెప్పవలసి వస్తోంది, పెద్దలు మన్నించాలి. ప్రతిభ అనేదే లేదని పిల్లలకు చెప్పడం మంచిది కాదు. పొడుగు, కాళ్ల నిర్మాణం, కండరాల తీరు, ఇవి పుట్టుకతో వచ్చేవే. ఎంత సాధన చేయించినా కొందరి 100 మీటర్ల సమయం ఒక చోట ఆగిపోతుంది.

ఈ విషయంలో మంచి పరిశోధనలు జరిగాయి. 1993లో ఆండర్స్ ఎరిక్‌సన్ అనే శాస్త్రవేత్త, మరి ఇద్దరితో కలిసి, బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకునే విద్యార్థులను పరిశీలించి, అందరికంటే మేటిగా ఉన్నవారు 20 ఏళ్ల వయసుకు సగటున 10,000 గంటలకు పైగా ఒంటరిగా సాధన చేశారని చెప్పాడు. ఆ అంకెను పట్టుకొని "ఎవరైనా 10,000 గంటలు చేస్తే చాలు" అన్న ప్రచారం జరిగింది గాని, అది తన మాట కాదని ఆయనే తరువాత చెప్పుకోవలసి వచ్చింది. 2014లో వేరే పరిశోధకులు 88 అధ్యయనాలను కలిపి చూస్తే, మనుషుల మధ్య కనిపించే తేడాలో సాధన వల్ల వచ్చినది సంగీతంలో 21 శాతం, క్రీడల్లో 18 శాతం, చదువులో 4 శాతమే అని తేలింది. కాబట్టి సాధన ముఖ్యమే, కానీ అంతా సాధనే అనడానికి వీల్లేదు.

అయితే నా మైదానంలో జరిగింది కూడా చెప్పాలి. ఒకే ఏడాది ఇద్దరు అబ్బాయిలు వచ్చారు. మొదటివాడు చెప్పులు విడిచి మొదటి రోజు పరుగెత్తితేనే నేను రెండు సార్లు గడియారం చూసుకున్నాను. రెండోవాడు 100 మీటర్లలో అందరికంటే వెనుక వచ్చాడు. మొదటివాడికి ఓడిపోవడం తెలియదు గనుక, జిల్లా పోటీల్లో నాలుగో స్థానం వచ్చిన రోజు నుంచి రావడం తగ్గించి, రెండు సీజన్లకు మానేశాడు. రెండోవాడిని నేను 1,500 మీటర్లకు, ఆ తరువాత 5,000 మీటర్లకు మార్చాను. వాడు ఇప్పటికీ ఉదయం ఐదింటికి నాకంటే ముందు మైదానంలో ఉంటున్నాడు. వాడి కష్టానికి సరిపోయే పరుగు ఏదో వెతికి పెట్టడం నా పని అయింది. అది వెతకకుండా 100 మీటర్లలోనే రుద్దించి ఉంటే వాడి పట్టుదలంతా నేలపాలయ్యేది.

ముంబై బస్సు (నారాయణపేట జిల్లా)
ఆగస్టు 4, మధ్యాహ్నం 1.15

కష్టం గురించి మాట్లాడుతున్నారు గనుక పాలమూరు మాట ఒకటి చెప్పనివ్వండి. కష్టపడితే పైకి వస్తారన్నదే నిజమైతే, ఈ దేశంలో మా జిల్లా కూలీల కంటే ధనవంతులు ఎవరూ ఉండకూడదు. మా తాత నాగార్జునసాగర్ పనికి పోయాడు. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలిన ఆ రాతి కట్టడంలో ఆయన మోసిన రాళ్లు ఉన్నాయి. తారీఖు చూసుకోండి, సరిగ్గా ఇదే రోజు. ఆ నీళ్లు మా ఊరికి రాలేదు. మా నాయన, కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ముంబైకి, పూణేకు పోయాడు. నేను బడిలో చేరే వయసుకు మా ఊళ్లో సగం ఇండ్లకు దసరా నుంచి ఉగాది దాకా తాళాలు ఉండేవి.

వాళ్లు సోమరులని ఎవరైనా అనగలరా? పట్టుదల లేనివాళ్లని అనగలరా? కాబట్టి ఏ పిల్లవాడైనా వెనకబడితే "నువ్వు కష్టపడలేదు" అనే మాట కూడా, "నీకు తెలివి లేదు" అనే మాట అంత క్రూరమైనదే. నా అభిప్రాయంలో కష్టం వేరు, సాధన వేరు. మా నాయన 30 ఏళ్లు తట్ట మోశాడు. 30 ఏళ్ల తరువాత కూడా మోసింది తట్టే, ఎందుకంటే ఆ పనిలో ఆయనకు ఎవరూ కొత్తది నేర్పలేదు, నేర్చుకోవాలన్నా ఖాళీ ఇవ్వలేదు. అదే గుంపులో మా పెద్దనాయన సెంట్రింగు పని చేసే ఒక మనిషి దగ్గర సాయంత్రాలు కూర్చొని, కొలతలు చూడటం, డ్రాయింగు చదవడం నేర్చుకున్నాడు. చదువు రాని మనిషి, అంకెలు ఒక్కొక్కటిగా గుర్తుపట్టుకుంటూ నేర్చుకున్నాడు. ఇద్దరూ సమానంగా చెమట ఓడ్చారు. ఒకరికి ఆ సాయంత్రాలు దొరికాయి, ఒకరికి దొరకలేదు.

సారు ఆ అమ్మాయికి ఇప్పించిన నెల రోజులు అలాంటి సాయంత్రాలేనని నేను అనుకుంటున్నాను. ఆ నెలను జాగ్రత్తగా వాడుకోవాలి.

పాత పత్రికలు (హైదరాబాదు, సొంతూరు గద్వాల వైపు)
ఆగస్టు 5, రాత్రి 8.05

"తలకాయలో లేదు" అనే తీర్పు ఒక మనిషికే కాదు, ఒకప్పుడు మన ప్రాంతానికంతటికీ ఇచ్చారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒక పెద్దమనిషి రాశాడు. గద్వాల ప్రాంతపు బిడ్డ, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి కోపంతో ఒక వ్యాసం రాసి ఊరుకోవచ్చు. ఆయన అలా ఊరుకోలేదు. ఊరూరి నుంచి కవుల పద్యాలను, వివరాలను తెప్పించుకొని, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను అచ్చు వేయించారు. ఉత్తరం నడిచి వచ్చే కాలంలో 354 మందిని పోగుచేయడం అంటే ఎన్ని సాయంకాలాల పనో ఆలోచించండి.

నేను దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, ప్రతిభ లేదని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు, ఉందని చూపడానికి మాత్రం ఏళ్ల పని కావాలి. ఈ తేడా వల్లనే మొదటి మాట అంత తేలికగా చెలామణి అవుతుంది.

మూడు నాడెలు (గద్వాల)
ఆగస్టు 5, రాత్రి 9.40

మా చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ మగ్గం మీదే కుట్టు వేసి కలపాలి. నేను నేర్చుకున్న మొదటి ఏడు నా అంచు ప్రతి జానకూ ముడుచుకుపోయేది. మా నాయన నన్ను ఒక్క మాట అనేవాడు కాదు, ముడుచుకున్న చోటు మీద నా వేలు పెట్టించి, "ఇక్కడ దారం బిగువెంత ఉందో చెప్పు" అని అడిగేవాడు. ఎక్కువ చెప్పలేను. ఆ అమ్మాయి తప్పు ఎక్కడ పడుతోందో చూసి, అక్కడ వేలు పెట్టించండి సార్.

లెక్కల పంతులు (మహబూబ్‌నగర్ జిల్లా)
ఆగస్టు 10, సాయంత్రం 7.30

అందరికీ కృతజ్ఞతలు. గద్వాల అన్న చెప్పిన మాట పట్టుకొని ఆ అమ్మాయి నోటుబుక్కును ఇంటికి తెచ్చుకున్నాను. ఇన్నాళ్లూ నేను ఆ పుస్తకంలో ఎర్ర సిరాతో అడ్డగీతలు కొట్టానే గాని, ఒక తప్పుకూ ఇంకో తప్పుకూ ఉన్న చుట్టరికం చూడలేదు. అది నా లోపం, ఒప్పుకుంటున్నాను. బీజగణితంలో ఆమె చేసిన 31 లెక్కల్లో 19 తప్పులు ఉన్నాయి. ఆ 19లో 17 ఒకే చోట జరిగాయి.

ఆమె 7 - 3(x - 2) అనే లెక్కలో కుండలీకరణం విప్పినప్పుడు 7 - 3x - 6 అని రాస్తోంది. బయట ఋణ గుర్తు ఉన్నప్పుడు లోపలి రెండో పదం గుర్తు మారాలన్న సంగతి ఆమెకు ఎక్కడా అంటలేదు. ఆరో తరగతిలో పూర్ణసంఖ్యలు చెప్పిన నెలలో వాళ్ల కుటుంబం పనికి వలస పోయిందట. ఆ ఒక్క నెల పాఠం పోయింది, దాని మీద కట్టినదంతా మూడేళ్లుగా ఒరుగుతూ వస్తోంది. ఇందులో తలకాయలో లేనిది ఏముంది?

సూత్రం బట్టీ పట్టించడం ఇష్టం లేక కిరాణా ఖాతాతో చెప్పాను. నీ చేతిలో 7 రూపాయలు ఉన్నాయి. మూడు దుకాణాల్లో ఒక్కొక్క చోట x రూపాయల ఉద్దెర ఉంది, కానీ ఒక్కొక్క చోట ఇదివరకే 2 రూపాయలు కట్టేశావు. అందరి లెక్కా తేల్చుకుంటే నీకు ఎంత మిగులుతుంది? ఆమె కొంచెం సేపు బల్ల మీద వేలితో గీసుకొని, "కట్టేసిన ఆరు రూపాయలు మళ్ల ఎందుకు తీస్తం సార్, అవి మన దిక్కే కదా" అంది. అని, తానే నోటుబుక్కు తీసుకొని ఋణ గుర్తు మీద నిలువు గీత పెట్టి ధన గుర్తు చేసింది.

మైదానం గారు చెప్పిన 4 శాతం గురించి ఒక మాట. ఆ అంకె ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో కొలిచేది. ఒక పిల్ల నిన్నటి స్థితి నుంచి రేపు ఎంత దూరం పోగలదో కొలిచేది కాదు. నేను ఈమెను గణిత శాస్త్రవేత్తతో పోల్చబోవడం లేదు, ఆమె నోటుబుక్కులోని మొన్నటి పేజీతో పోలుస్తున్నాను.

మైదానం (నల్లగొండ)
ఆగస్టు 10, రాత్రి 8.50

ఒప్పుకుంటున్నాను సార్. నేను కూడా పిల్లల సమయాలను పక్కవాడితో కాకుండా వాళ్ల పాత సమయంతో పోల్చి గోడ మీద రాస్తాను. ఇక్కడ ఆ సంగతి మరిచిపోయి మాట్లాడాను.

గ్రంథాలయం బెంచీ (నల్లగొండ)
ఆగస్టు 12, రాత్రి 11.55

ఇన్ని రోజులు చదువుతూ ఉన్నాను, ఈ రోజు రాయాలనిపించింది. నాకు 29 ఏళ్లు. గ్రూప్స్‌కు ఇది ఐదో ఏడు. ఉదయం గ్రంథాలయం తలుపు తీసే వేళకు పోయి, మూసే వేళకు వస్తాను. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం తింటాను. ఇంట్లో చెల్లె పెండ్లి ఆగింది. పట్టుదల గొప్పదని మీరందరూ రాస్తుంటే నాకు ధైర్యం రావలసింది పోయి భయం వేస్తోంది. వదిలేస్తే పట్టుదల లేనివాడిని అవుతాను, వదలకపోతే ఇల్లు మునుగుతుంది. ఎప్పుడు ఆగాలో పట్టుదల చెప్పదు. అది ఎవరు చెప్పాలి?

ముంబై బస్సు (నారాయణపేట జిల్లా)
ఆగస్టు 13, ఉదయం 7.10

తమ్ముడూ, నీ ప్రశ్న ఈ చర్చలో అన్నిటికంటే బరువైనది. దీనికి తొందరపడి ధైర్యం చెప్పేవాళ్ల మాట వినవద్దు, నన్ను కూడా కలిపి. మల్లేశం గారికి ఏడేళ్లు పట్టాయని అక్క రాసింది నిజమే, కానీ ఆ ఏడేళ్లలో ఆయన యంత్రం ఏడాదికేడాది మారుతూ పోయింది. ఒక కదలిక కుదిరాక ఇంకో కదలిక మీదికి పోయాడు. మధ్యలో పొట్ట గడవడానికి కరెంటు పని కూడా చేశాడు, అది చేసినందుకు ఆయన పట్టుదల తగ్గలేదు.

నువ్వు రాసిన పరీక్షల మార్కులు సబ్జెక్టువారీగా ఒక కాగితం మీద వేసుకో. ఎక్కడ కదిలింది, ఎక్కడ కదలలేదు అనేది చూడు. కదిలి ఉంటే ఇంట్లో కూర్చొని ఒక తారీఖు మాట్లాడుకో, ఆ లోపల జీతం వచ్చే సగం రోజు పని ఏదైనా పట్టుకో. ఎక్కడా కదలకపోతే, పరీక్ష మార్చడం ఓటమి కాదు. మైదానం సారు దగ్గరి రెండో అబ్బాయి 100 మీటర్లు వదిలేశాడు గాని పరుగు వదల్లేదు.

ఆసు కొయ్య (భూదాన్ పోచంపల్లి దగ్గర)
ఆగస్టు 13, మధ్యాహ్నం 2.30

తమ్ముడూ, చెల్లె పెండ్లి ఆగింది నీ వల్లనే అని రోజూ అనుకుంటూ పుస్తకం పట్టుకుంటే అక్షరం ఎక్కదు. ముందు ఆమెతో కూర్చొని మాట్లాడు. ఆమె ఏమనుకుంటోందో నువ్వు అడిగి ఉండవు.

గ్రంథాలయం బెంచీ (నల్లగొండ)
ఆగస్టు 17, రాత్రి 10.20

కాగితం వేశాను అన్నా. చరిత్ర, రాజ్యాంగం, తెలంగాణ ఉద్యమం, వీటిలో ప్రతిసారీ పెరిగింది. అంకగణితం, రీజనింగులో మూడు సార్లు అవే మార్కులు, ఒకటి అటూ ఇటూ. ఆలోచిస్తే అర్థమయింది, ఐదేళ్లుగా నేను వచ్చినదాన్నే మళ్లీ చదువుతున్నాను. రానిది తెరిస్తే భయం వేసి పుస్తకం మూసి, రాజ్యాంగం తీసుకునేవాడిని. రోజుకు పది గంటలు కూర్చున్న తృప్తి మాత్రం మిగిలేది.

చెల్లెతో మాట్లాడాను అక్కా. వచ్చే మార్చి దాకా చూద్దామని తనే అంది. ఒక ట్యూషన్ సెంటరులో సాయంత్రం చరిత్ర చెప్పే పని అడిగాను, సోమవారం రమ్మన్నారు.

లెక్కల పంతులు (మహబూబ్‌నగర్ జిల్లా)
ఆగస్టు 18, ఉదయం 6.00

అంకగణితం సంగతి నాకు వదిలేయండి. ఆదివారాలు ఉదయం ఫోనులో కూర్చుందాం. ముందు మీరు తప్పు చేసిన 20 లెక్కలు, కొట్టివేతలతో సహా, ఫొటో తీసి పంపండి. సరిగ్గా చేసినవి వద్దు.

లెక్కల పంతులు (మహబూబ్‌నగర్ జిల్లా)
సెప్టెంబరు 21, రాత్రి 8.40

అడిగినవారికి సమాచారం. అమ్మాయికి రెండో నిర్మాణాత్మక పరీక్షలో 20కి 11 మార్కులు వచ్చాయి. మొదటి దానిలో 4 వచ్చాయి. తరగతిలో ఆమె కంటే పైన ఇంకా 18 మంది ఉన్నారు. గుర్తుల తప్పు ఒక్కటి మాత్రమే ఉంది, అది కూడా చివరి లెక్కలో, గంట కొట్టే వేళ. మిగిలిన మార్కులు భిన్నాల దగ్గర పోయాయి, హారాలు వేరైనప్పుడు పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడుతోంది.

తండ్రి నిన్న వచ్చాడు. మార్కుల కాగితం చాలా సేపు చూశాడు, చదవడం రాదు గనుక 11 ఎక్కడ ఉందో నన్నే చూపించమన్నాడు. వచ్చే నెల పత్తి తీయడం మొదలవుతుంది, పది రోజులు పంపక తప్పదు సారూ అన్నాడు. ఆ పది రోజులూ నష్టపోకుండా రోజుకు ఐదు లెక్కలు రాసిచ్చి, చేను నుంచి వచ్చాక చేసి పక్కింటి పదో తరగతి పిల్లతో నాకు పంపేలా మాట్లాడుకున్నాం. అమ్మాయి మధ్యలో అందుకొని, "ఐదు కాదు సార్, భిన్నాలవి ఎనిమిది ఇయ్యుండ్రి" అంది. ఈ రాత్రి ఆ ఎనభై లెక్కలు రాయడానికి కూర్చున్నాను, మొదటి పది రొట్టె ముక్కలతో మొదలుపెడుతున్నాను.